పిట్టల చేను ఎప్పుడు విత్తాలి? వానను నమ్మలేని మెట్టలో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కింద మాకున్న ఎర్రనేలలో అర ఎకరం కోత కోయకుండా పిట్టలకీ, కొండ దిగివచ్చే చిన్నాచితకా జంతువులకీ వదిలేస్తున్నాం. ఏడేళ్లయింది. మొదటి ఏడాది మా ఊరి పెద్దాయన ఒకాయన గట్టు మీద నిలబడి "ఏందబ్బయా, పిట్టలకి కూడా సేద్యం చేస్తన్నావా?" అని నవ్వాడు. ఆ వెటకారంలోంచే 'పిట్టల చేను' అన్న పేరొచ్చింది. ఇప్పుడు దుత్తలూరు, వరికుంటపాడు, పామూరు వైపు నుంచి కూడా కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు కాబట్టి, ఒకచోట రాసిపెడితే పనికొస్తుందనిపించింది.

పిట్టల చేను అంటే ఏమిటి? ఇంత గింజ తెచ్చి గట్టు మీద పోస్తే సరిపోదా?

సరిపోదు. గింజ కుప్పగా పోస్తే పిట్టలన్నీ ఒకేచోట మూగుతాయి. రోగాలు అంటుకుంటాయి. కుక్కలకీ, ఉచ్చులు పెట్టేవాళ్లకీ అవెక్కడ దొరుకుతాయో ముందే తెలిసిపోతుంది. చేను అలా కాదు. గింజ కంకుల్లో ఉంటుంది, కొంచెం కొంచెంగా రాలుతుంది, దాక్కోవడానికి చాటు ఉంటుంది, ఆకుల మీద పురుగులుంటాయి. పురుగుల సంగతి చాలామందికి తట్టదు. పిచ్చుక పిల్లలైనా కౌజు పిల్లలైనా మొదట తినేది పురుగులనే.

దీన్ని 'జీవాల మడి' అని పిలవొద్దని నా మనవి. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూ. ఒకసారి ఆ మాట వాడి, మంద తోలుకొచ్చిన ఆసామికి సర్దిచెప్పుకోలేక చచ్చాను.

తొలకరి పడగానే విత్తేయొచ్చు కదా?

ఇక్కడే అందరూ దెబ్బతింటారు. నేనూ తిన్నాను. మొదటి ఏడాది మృగశిర కార్తెలో ఒక సాయంత్రం జోరుగా వాన పడింది. మట్టివాసనకు మనసు నిలవలేదు. తెల్లారేసరికి గొర్రు కట్టించి సజ్జ, అలసంద, నువ్వు అన్నీ చల్లించాను. నాలుగో రోజుకు మొలకలు లేచాయి, ఊరంతా చూపించుకున్నాను. ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు, పైగా పడమటి గాలి. మొలకలు మాడి దారపు పోగుల్లా పడిపోయాయి.

అది నా దురదృష్టం అనుకున్నాను గానీ, కారణం వేరే ఉంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే తేమంతా దించుకుని, మన దాకా వచ్చేసరికి పొడిగాలిగా మిగులుతాయి. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా వచ్చేది ఈశాన్య రుతుపవనాలతోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందులో ఎక్కువ భాగం బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు తెచ్చేదే. జూన్‌లో మనకు పడేది చాలాసార్లు ఎండకు పుట్టే ఉరుముల వాన. ఈ ఊళ్లో పడితే పక్క ఊళ్లో పడదు, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పి పోదు.

'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' అనే సామెత అబద్ధం కాదు. కానీ అది నైరుతి మీద బతికే నేలలకు ఎక్కువ నప్పుతుంది. ఉదయగిరి, సీతారామపురం మెట్టలో దాన్ని పట్టుకుని విత్తనం చల్లితే సామెత మిగులుతుంది, విత్తనం మిగలదు.

అయితే మన వైపు సరైన అదును ఏది?

తేదీ చెప్పే ముందు ఒక మాట. పంట చేనుకు అదును చూసేటప్పుడు దిగుబడి గురించి ఆలోచిస్తాం. పిట్టల చేనుకు ఆలోచించాల్సింది ఆకలి గురించి. అడవిలో, కంపల్లో తిండి ఎప్పుడు కరువవుతుందో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

వానాకాలంలో, ఆ వెంటనే కొండ మీద పచ్చగడ్డి, పురుగూ పుట్రా, గడ్డిగింజ అన్నీ ఉంటాయి. మన మడి లేకపోయినా వాటికి లోటు లేదు. సంక్రాంతి దాటాక పైరు కోతలైపోతాయి, గడ్డి ఎండుతుంది, కొండ వాగులు ఇంకిపోతాయి. ఫిబ్రవరి, మార్చిలో గింజకు కటకట మొదలవుతుంది. కాబట్టి మన చేను జనవరికి గింజ పట్టి, మార్చి దాకా కంకి మీద నిలబడాలి. సజ్జ, కొర్ర ఎనభై తొంభై రోజుల పంటలు. ఉలవ మూడు నెలలకు అటూ ఇటూ. వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా తేలుతుంది.

కార్తెల్లో చెప్పాలంటే సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర, 27కు హస్త, అక్టోబరు 10–11కు చిత్త, 24కు స్వాతి వస్తాయి. నేను ఉత్తరలో దుక్కి సిద్ధం చేసుకుని, హస్త, చిత్తల్లో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, దొరికిన రోజున విత్తుతాను. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతాయి. అంటే అంతకు కాస్త ముందు మొలిచిన పైరు అసలు వానలకు వేరు పట్టుకుని ఎదురెళ్తుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నారు పెద్దలు, ఉత్తరలోనూ వాన లేకపోతే ఊరొదిలి పొమ్మని. పిట్టల చేనుకు అంత తొందర అక్కర్లేదు, ఇంకో నెల ఆగొచ్చు.

కనిగిరి, పొదిలి వైపు నల్లరేగడి ఉన్నవాళ్లకు ఇంకొంచెం వెసులుబాటు ఉంది. రేగడి తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి స్వాతి దాటాక వేసిన ఉలవ, పచ్చజొన్న కూడా నేలలోని తేమతోనే గట్టెక్కుతాయి. ఎర్రనేల, గరపనేల వాళ్లు అలా లెక్కేసుకోకూడదు.

పదును ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నేను మూడు చూస్తాను. మొదటిది లోతు. గునపంతో ఒక గుంట తీసి తడి ఎంత దిగిందో జానతో కొలవాలి. జానెడు తడి లేకపోతే విత్తను. పైన నల్లగా కనిపించి, నాలుగు వేళ్ల కింద పొడి దుమ్ము ఉండటం ఎన్నోసార్లు చూశాను. ఆ తడి గింజను మొలిపించడానికి చాలుతుంది గానీ, మొలకను బతికించడానికి చాలదు. అసలు తడే లేకపోతే గింజ భూమిలో భద్రంగా పడుంటుంది. అరకొర తడే దాన్ని బయటికి లాగి చంపుతుంది.

రెండోది పిడికిలి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ముద్ద కట్టి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. ముద్దే కట్టకపోతే పదును చాలదు. చేతికి అంటుకుని సాగితే ఎక్కువైంది, ఒకరోజు ఆగాలి, లేకపోతే పైన పెచ్చు కట్టి మొలక పైకి రాదు.

మూడోది వాన కొలత. పైనుంచి కింద దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలిస్తే చాలు. డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు నిలిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష లీటర్లకు పైమాటే. ఆ వాన పొడి ఎర్ర ఇసుకనేలలో దాదాపు అడుగు లోతు దిగుతుంది, రేగడిలో అర అడుగు లోపే ఆగిపోతుంది. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు పడితే వానపడ్డ రోజుగా లెక్కకడుతుంది. ఆ లెక్క వాళ్ల పుస్తకానికి సరే, మన గింజకు పనికిరాదు. నా మటుకు నాకు నాలుగైదు రోజుల్లో కలిపి 40 మిల్లీమీటర్లు దాటితేనే గొర్రు గుర్తొస్తుంది.

పొడి దుక్కిలో ముందే విత్తేసి వాన కోసం చూడటం మంచిదేనా?

పంట చేలల్లో కొందరు చేస్తారు. పిట్టల చేనుకు నేను చెప్పను. వాన వచ్చేలోగా సగం గింజ చీమలే మోసుకుపోతాయి. మిగిలినదాన్ని ఏ పదిహేను మిల్లీమీటర్ల జల్లో మొలిపించి వదిలేస్తుంది. ఉలవ ఒక్కటే కాస్త ఓర్చుకుంటుంది.

ఫోన్‌లో వాతావరణ సూచన చూసి విత్తొచ్చా?

చూడండి, కానీ మీ గుంట చూశాక చూడండి. నేల తడిగా ఉండి, రాబోయే ఐదు రోజుల్లో వాన ఉందంటే అది మంచి కబురు. నేల పొడిగా ఉన్నప్పుడు, రేపు వానంటున్నారు కదా అని చల్లడం జూదం. మేఘదూత్ యాప్‌లో మన జిల్లాకు సూచనతో పాటు పంటల సలహా తెలుగులోనే వస్తుంది. రైతు సేవా కేంద్రంలో అడిగినా చెబుతారు. ఐదు రోజుల సూచనకు ఒక విలువ ఉంది. ఫోన్లో కనిపించే ఇరవై రోజుల బొమ్మల వాన నాకు పంచాంగంలో వర్షఫలం లాంటిదే.

అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వినగానే కూలీలను పిలవొద్దు. అది ఒడిశా వైపు తిరిగిపోతే మనకు ఎండే మిగులుతుంది. తీరానికి దగ్గరగా, తమిళనాడుకూ దక్షిణ కోస్తాకూ మధ్య కదిలితేనే మెట్టకు తడి.

ఏ గింజలు కలపాలి?

మా అర ఎకరానికి అరకిలో సజ్జ, అరకిలో కొర్ర, మూడు కిలోల ఉలవ, కిలో అలసంద, గుప్పెడు నువ్వు. సన్న గింజలను ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట పడవు. కొర్ర గింజకు జీనువాయిలు, పిచ్చుకలు వస్తాయి. రాలిన సజ్జ, ఉలవలకు కౌజులు, పూరేడు పిట్టలు, గువ్వలు, నెమళ్లు. ఉలవ తీగకు కుందేళ్లు. కంకి మీద నిలబడి తినేది మాత్రం మన రాష్ట్ర పక్షి రామచిలుక. తినేదానికన్నా పారేసేది ఎక్కువ, ఆ పారేసినదే కింద ఉన్నవాటికి భోజనం.

సజ్జకు ఒక చిక్కుంది. విత్తిన యాభై రోజులకు అటూ ఇటూ పూతకొస్తుంది. ఆ రోజుల్లో ముసురు పట్టిందంటే తేనెబంక రోగం తగులుతుంది, ఆ గింజ తిన్నవాటికి మంచిది కాదు. అందుకే ఏ ఏడాదైనా మామూలు అదును కన్నా ముందే, ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పదును దొరికితేనే సజ్జ పాలు పెంచుతాను. చిత్త దాకా ఆగాల్సి వస్తే సజ్జ తగ్గించి ఉలవ, అలసంద ఎక్కువ వేస్తాను. ఉలవ పొద్దు తగ్గే రోజుల్లో పూసే పంట. జూన్‌లో వేస్తే తీగ సాగుతుంది గానీ కాయ సరిగా పట్టదు, అక్టోబరులో వేస్తే మోకాలెత్తు కూడా లేకుండానే కాయ పడుతుంది. ఆలస్యమైన ఏడాదికి దాన్ని మించిన చుట్టం లేదు.

జొన్న వేయొద్దంటారేం?

వేయొద్దని కాదు. వాన లేక బెట్టకు వాడిపోయిన లేత జొన్నలో విషం పుడుతుందని గొడ్లున్నవాళ్లందరికీ తెలుసు, మేసిన ఆవు గంటల్లో పోతుంది. నెమరువేసే దుప్పికైనా మేకకైనా అదే ప్రమాదం. వాన నమ్మకంగా ఉన్న రేగడిలో పచ్చజొన్న బంగారం. వాన ఊగిసలాడే ఎర్రనేలలో, దుప్పులు దిగే చోట నేను వేయను. సజ్జలో ఆ విషం ఉండదు.

విత్తనమంతా ఒకేసారి చల్లాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. విత్తనాన్ని మూడు సంచుల్లో కట్టండి. మొదటి మంచి పదునుకు ఒక సంచి, పదిహేను ఇరవై రోజుల తర్వాత వచ్చే పదునుకు రెండోది, మూడోది చేతిలో. మొదటిది మాడితే రెండోది ఉంటుంది. రెండూ బతికితే ఒకటి ముందు, ఒకటి వెనక గింజకొచ్చి, తిండి రెండు నెలలకు సాగుతుంది. మూడో సంచి చాలా ఏళ్లు అటకెక్కుతుంది. దానికి బాధపడొద్దు.

2023లో ఇదే కాపాడింది. ఆ ఏడు ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్నంతలో దేశం మొత్తానికే అతి పొడి ఆగస్టు. సెప్టెంబరు జల్లులకు చల్లిన మొదటి సంచి మూడొంతులు పోయింది. రెండో సంచి నవంబరు మొదటి వారంలో పడింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి ఉలవ పూతకు రాలేదు కాబట్టి ఆ గాలీవానా దాన్ని ఏమీ చేయలేకపోయాయి, పైగా ఆ తడే ఫిబ్రవరి దాకా లాక్కొచ్చింది. సెప్టెంబరులో అంతా ఒకేసారి చల్లిన మిత్రుడి చేనులో నిలిచిన కాసిని కంకులు తడిసి, కంకిలోనే మొలకెత్తాయి.

మొలిచాక వాన మొహం చాటేస్తే ఏం చేయాలి?

కాసేపు టెన్షన్ పడటం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. సాళ్ల మధ్య దంతె (కలుపు తీసే పనిముట్టు) తోలి పైమట్టి గుల్ల చేస్తే పగుళ్లు పూడి తడి ఆరిపోవడం తగ్గుతుంది. ఒత్తుగా ఉంటే సగం పీకేయండి, మిగిలిన సగం బతుకుతుంది. ట్యాంకరుతో నీళ్లు పోయించొద్దు. ఆ డబ్బుతో మూడేళ్లకు సరిపడా ఉలవలు వస్తాయి.

విత్తనాల కొట్లో కొన్న ప్యాకెట్లు వాడొచ్చా?

రంగు పూసినవి వద్దే వద్దు. గులాబీ, నీలం రంగులో ఉన్నాయంటే శిలీంధ్రాల మందో పురుగుల మందో పట్టించారన్న మాట. మట్టిలో కప్పబడిపోతే ఫరవాలేదు గానీ, చల్లినప్పుడు పైన మిగిలిపోయినవాటిని ఏరుకుని తిన్న పిట్ట చావొచ్చు. పిట్టల కోసం చేను వేసి పిట్టలనే చంపుకోవడం. మా రెండో ఏడాది ఒక దుకాణంలో మందు పట్టించనివే అని చెప్పి ఇచ్చారు, ఇంటికొచ్చి తడిపితే వేళ్లకు రంగంటింది. అప్పట్నుంచి ఇళ్లలో దాచిన గింజో, సంతలో తినడానికి అమ్మే గింజో తెచ్చి, గుడ్డలో మూటగట్టి మొలక చూసుకుంటున్నాను. వందకు డెబ్బై మొలిస్తే చాలు.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు క్లోవర్, ఓట్స్, ముల్లంగి చల్లుతున్నారు. మనమూ ప్రయత్నిద్దామా?

ఆ వీడియోలు నేనూ చూశాను, నేర్చుకోవాల్సింది ఉంది కూడా. మట్టి పరీక్ష, విడతలుగా విత్తడం, పదునుకు ఆగడం వాళ్లూ చెప్తారు. కానీ వాళ్ల లెక్క వేరు. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. మొదటి గడ్డమంచుకు కొన్ని వారాల ముందు విత్తి, శీతాకాలపు ఆకలికి పచ్చిమేత నిలబెడతారు. మనకు ఆకలికాలం ఎండాకాలం. వాళ్ల గింజ మన ఎర్రనేలలో అక్టోబరు ఎండకే చేతులెత్తేస్తుంది.

ఇంకో తేడా. అక్కడ ఎక్కువమంది ఆ మడులు వేసేది వేట కోసం. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మేతకొచ్చిన కృష్ణజింకను కొడితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. మీ చేనులో పక్కింటి కుర్రాడు ఉచ్చు పెట్టినా మొదట అడిగేది మిమ్మల్నే. వారానికోసారి గట్టు చుట్టూ తిరిగి తీగలు, ఉచ్చులు ఉన్నాయేమో చూడండి.

అడవి పందులు రావా? పక్క రైతులు ఊరుకుంటారా?

వస్తాయి. అందుకే వేరుశనగ, మొక్కజొన్న, చిలగడదుంప లాంటివి ఛాయలకు రానివ్వకూడదు. నీళ్ల తొట్టి మడి పక్కన పెట్టకూడదు, బురదకు పందులు మరుగుతాయి. పక్కచేలో వేరుశనగ ఉన్న ఏడాది నేను ఆ వైపు ఇరవై అడుగులు ఏమీ చల్లకుండా వదిలేస్తాను.

నిజం చెప్పాలంటే, చుట్టూ పంట చేలున్నచోట, అడవి అంచుకు ఆనుకుని పెద్ద మడి వేయడం నాకిష్టం లేదు. అర ఎకరం లోపు ఉంటే పిట్టలు, కుందేళ్ల దగ్గర ఆగుతుంది. రెండెకరాలు వేశారంటే దుప్పులకూ పందులకూ దారి చూపించినట్టే, ఆ దారి పక్కవాళ్ల పొలం మీదుగా పోతుంది. వాళ్లు కరెంటు తీగ కడతారు. అది నేరమే కాదు, దానికి మనుషులు కూడా పోయారు. విత్తేముందు గట్టు పక్క రైతులతో ఒక మాట మాట్లాడండి. ఒప్పుకోకపోతే మానేయండి.

రిజర్వు ఫారెస్టులో విత్తనాలు చల్లొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. పట్టా పొలంలోనే.

కంపపొదలు కొట్టి చదును చేసి మడి వేయాలనుకుంటున్నాను. ఏమంటారు?

అది సర్కారు తుమ్మయితే కొట్టండి, సంతోషం. రేగు, కలివి, పరికి, బలుసు ఉన్న పొదలైతే మాత్రం ముట్టుకోకండి. మీరు వేసే గింజకన్నా ఆ పొదలే ఎక్కువ తిండి పెడతాయి, అదీ ఏ వానతో పని లేకుండా. కలివి పొదల పేరు పెట్టుకున్న కలివికోడి ఇక లేదనుకున్నాక 1986లో, మన కొండలకు అవతలి వైపు కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దానికి కావలసింది పలచటి ముళ్లపొదలు, మధ్యలో ఖాళీ నేల. దున్నిన మడి కాదు. ఇలాంటి చోట ఏమీ చేయకపోవడమే పెద్ద పని.

ఏప్రిల్, మే నెలల సంగతేమిటి?

వానాధారం కింద ఆ నెలలకు గింజ నిలబెట్టడం నా వల్ల కాలేదు. అప్పుడు పనికొచ్చేవి చెట్లే. రావి, మర్రి, మేడి, నేరేడు, ఈత. గట్టు మీద నాలుగు నాటి, మొదటి రెండు వేసవులు కుండతో నీళ్లు పోస్తే చాలు. నీళ్లకు అటవీ శాఖ వాళ్లు పెట్టే సాసర్ పిట్‌లాంటిది, లోతు తక్కువగా, అంచు వాలుగా ఉండేది మడికి దూరంగా కట్టించుకోవచ్చు. లోతుగా ఉంటే కౌజు పిల్లలు పడి చస్తాయి. లోపల ఒక రాయి వేయండి.

నవంబరు సగమైపోయింది, ఇంకా పదును దొరకలేదు. ఇప్పుడు చల్లొచ్చా?

రేగడి అయితే ఒక్క వానకు ఉలవ చల్లి చూడండి. ఎర్రనేల అయితే విశాఖ కార్తె దాటాక, అంటే నవంబరు 19 ప్రాంతం తర్వాత నేను చల్లను. ఆ ఏడాదికి మడిని బీడుగా వదిలేస్తాను. గడ్డి దానంతటదే మొలుస్తుంది, దాని గింజ కూడా పిట్టలు తింటాయి. ఉలవల్ని మాత్రం బూడిద కలిపి కుండలో పోసి మూతి కట్టండి, పురుగు పట్టకుండా వచ్చే ఉత్తర దాకా ఉంటాయి.